పెంపుడు బాల్ పైథాన్‌ను మరో ఇంటికి బాధ్యతగా పంపడం ఎలా

విషం లేని, చిన్న జాతి విదేశీ కొండచిలువ బాల్ పైథాన్. అరవై డెబ్భై గ్రాముల పిల్లగా ఇంటికొచ్చినది మూడు నాలుగేళ్లలో మూడు నాలుగు అడుగులకు పెరుగుతుంది. ఆడదైతే కిలోన్నర దాటడం మామూలే. సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అంతకాలం మనిషి జీవితం ఒకేలా ఉండదు. పై చదువులకు విదేశాలకు వెళ్లాల్సి వస్తుంది, ఇంట్లోకి పసిబిడ్డ వస్తుంది, అద్దె ఇంటి ఓనరు ఒప్పుకోడు, ఫ్రిజ్‌లో ఎలుకలు పెడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. పామును ఇక ఉంచుకోలేమని ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఒప్పుకున్న మర్నాడే దాన్ని వదిలించుకోవాలని తొందరపడితే పాముకూ నష్టం, మీకూ ప్రమాదం.

ఈ పనికి నాలుగు నుంచి ఆరు వారాలు పెట్టుకోండి. విమానం ఎక్కడానికి వారం ముందు మొదలుపెడితే సరైన మనిషి దొరకడు, కాగితాలు పూర్తికావు, చివరికి దొరికినవాళ్ల చేతిలో పెట్టేసి వెళ్లిపోవాల్సి వస్తుంది. పాముతో పాటు దాని కాగితాలు, దాని తిండి లెక్క, దాని అలవాట్లు కూడా కొత్త ఇంటికి చేరాలి. కింద చెప్పేదంతా అందుకోసమే.

మీ దగ్గరున్నది ఏ పామో ముందు తేల్చుకోండి

చట్టం దృష్టిలో ఇంట్లో ఉండే పాములు మూడు రకాలు. మీది ఏ రకమో తెలిస్తేనే తర్వాతి దారి తెలుస్తుంది.

మొదటిది మన దేశవాళీ పాములు. కొండచిలువ, జెర్రిపోతు, నీరుకట్టు, పసరిక పాము, రెండు తలల పాము అని పిలిచే ఎర్రమట్టి రంగు పాము వగైరా. వీటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 రక్షణ ఉంది. ఇంట్లో ఉంచుకోవడమే నేరం కాబట్టి ఇంకొకరికి ఇచ్చే హక్కు కూడా మీకు ఉండదు. పొలంలో దొరికిన పిల్లను ముచ్చటపడి తెచ్చుకున్నా, ఎవరో కానుకగా ఇచ్చినా అదే మాట. రెండు తలల పాము విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. దానికి తలొకటే. మొండిగా ఉండే తోక తలలా కనిపిస్తుందంతే. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, లక్షలకు కొంటారని నమ్మించి తిప్పే ముఠాలున్నాయి. ‘మంచి పార్టీ ఉంది, నేను ఇప్పిస్తాను’ అని ఎవరన్నా ముందుకొస్తే మాట్లాడటం అక్కడితో ఆపేయండి. దేశవాళీ పాముకు ఒకటే దారి, అటవీశాఖకు అప్పగించడం. దగ్గర్లోని రేంజ్ ఆఫీసుకు గానీ, డివిజనల్ ఆఫీసుకు గానీ ఫోన్ చేసి చెప్పండి. భయంగా ఉంటే ముందు వన్యప్రాణి కేసులు తెలిసిన లాయరును కలవండి. పామును సంచిలో వేసుకుని బస్సెక్కకండి. దారిలో ఎవరైనా పట్టుకుంటే, అప్పగించడానికే తీసుకెళ్తున్నామని నిరూపించుకోవడం కష్టం. విషప్పామైతే దాని పెట్టె మూత కూడా తీయకుండా ఫోన్ చేయండి.

రెండోది విదేశీ పాముల్లో సైటిస్ జాబితాలో ఉన్నవి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఈ ఒప్పందం కిందికి పైథాన్లన్నీ, బోవాలన్నీ వస్తాయి. బాల్ పైథాన్, కార్పెట్ పైథాన్, బోవా కన్‌స్ట్రిక్టర్, కెన్యన్ శాండ్ బోవా ఈ కోవలోవే. 2022లో చేసిన సవరణతో సైటిస్ జీవులు మన చట్టంలోని నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఇంట్లో ఉన్న బాల్ పైథాన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. చేతులు మారితే అదీ రికార్డుకెక్కాలి. బర్మీస్ పైథాన్ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉంటుంది. అందుకే దాన్ని మామూలు విదేశీ పెంపుడు పాముగా లెక్కేసుకోకండి, ముందు అటవీ అధికారులనే అడగండి.

మూడోది సైటిస్‌లో లేని విదేశీ పాములు. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్, హాగ్నోజ్ ఇలాంటివి. వీటికి నాలుగో షెడ్యూల్ రిజిస్ట్రేషన్ వర్తించదు. అయినా కొన్న రసీదు, కొన్నప్పటి సందేశాలు, ఫొటోలు దాచి ఉంచితే అడిగినప్పుడు చూపించుకోవచ్చు.

పుట్టలో వదలకండి, చెరువు గట్టునా వదలకండి

ఎవరూ తీసుకోనప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన ఇదే. ఊరి బయట పుట్ట దగ్గర వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందిలే అనిపిస్తుంది. బతకదు. పెట్టెలో పుట్టి, చచ్చిన ఎలుకను చిమటాతో అందిస్తే తిన్న పాముకు వేట రాదు, గద్దను చూసి దాక్కోవడం తెలియదు. మనిషి అలికిడి అయితే పారిపోకుండా దగ్గరికే వస్తుంది, కర్ర దెబ్బ తింటుంది. బాల్ పైథాన్ మచ్చలు చూసి రక్తపింజరి అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఒకవేళ బతికితే నష్టం ఇంకా పెద్దది. అమెరికాలోని ఫ్లోరిడాలో బర్మీస్ పైథాన్లు అలాగే ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లోకి చేరి పిల్లల్ని పెట్టాయి. 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం అవి చాలాకాలంగా ఉన్న ప్రాంతాల్లో రకూన్లు కనిపించడం 99 శాతం, ఒపోసమ్‌లు 98 శాతానికి పైగా, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లులు 87 శాతం తగ్గిపోయాయి. అంతటితో ఆగలేదు. పైథాన్లతో వచ్చిన ఊపిరితిత్తుల పరాన్నజీవి అక్కడి స్థానిక పాములకూ అంటుకుంది. మీ పాము ఒంటి మీదున్న మైట్లనే సన్నటి పురుగులు, లోపలున్న వైరస్ మన జెర్రిపోతులకు ఏం చేస్తాయో పరీక్షించి చూసే పని మనది కాదు.

పాములవాళ్లకూ ఇవ్వకండి. కోరలు పీకిన, నోరు కుట్టిన పాములను ఏటా రక్షకులు విడిపిస్తూనే ఉన్నారు.

ఇవ్వాల్సిందేనా అని ఒకసారి చూసుకోండి

కొన్ని కారణాలకు పరిష్కారం ఉంటుంది. ‘రెండు నెలలుగా తినడం లేదు, నా వల్ల కాదు’ అన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట. బాల్ పైథాన్ చలికాలంలో రెండు మూడు నెలలు, మగదైతే అంతకన్నా ఎక్కువే ఉపవాసం ఉంటుంది. పెట్టెలో వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 27 ఉండి, శరీరం నిండా పట్టే ఇరుకైన దాగుడు చోటు ఉండి, బరువు పదోవంతు కన్నా తగ్గకపోతే గాభరా అక్కర్లేదు. కరుస్తోందంటే చాలాసార్లు చేతికి ఎలుక వాసన ఉండటమే కారణం. కుబుసం విడిచే ముందు కళ్లు నీలిబూడిద రంగులోకి మారి చూపు మసకబారుతుంది. ఆ వారంలో పట్టుకుంటే కూడా కరుస్తుంది. ఊరికి వెళ్తున్నది నెలరోజులకే అయితే ఇవ్వనక్కర్లేదు. పెద్ద పాము రెండు మూడు వారాలకోసారి తింటుంది కాబట్టి నీళ్లు మార్చి, వేడి చూసే స్నేహితుడుంటే చాలు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా ఇవ్వాల్సిందే అంటే ముందుకు కదలండి.

కాగితాలు ముందు, మనుషులు తర్వాత

మన దగ్గర విదేశీ జీవుల లెక్క రెండు దశల్లో తీశారు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ స్వచ్ఛంద వెల్లడి పథకం తెచ్చింది. గడువులోపు ప్రకటించినవాళ్లను ఆ జీవి ఎలా వచ్చిందని పత్రాలు అడగలేదు. ఆ గడువు 2021 మార్చితో అయిపోయింది. తర్వాత 2024 ఫిబ్రవరి 28న జీవించి ఉన్న జంతు జాతుల నివేదిక, నమోదు నియమాలు వచ్చాయి. సైటిస్ జీవులు ఉన్నవాళ్లు 2024 ఆగస్టు 28లోగా పరివేశ్ 2.0 అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలన్నారు. దరఖాస్తు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి దగ్గరికి వెళ్తుంది. ఒక్కసారి నమోదైతే పని అయిపోయినట్టు కాదు, ఆ జీవి చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి.

మీ పాము నమోదై ఉంటే ఆ పత్రం ప్రింటు తీసి పెట్టుకోండి. తీసుకోబోయే మనిషి ఖరారయ్యాక, పాము చేతులు మారకముందే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి కార్యాలయాన్ని సంప్రదించి బదిలీకి ఏమేం కావాలో కనుక్కోండి. తెలంగాణలో ఆ కార్యాలయం హైదరాబాద్ సైఫాబాద్‌లోని అరణ్య భవన్‌లో ఉంటుంది. కొత్త యజమాని వేరే రాష్ట్రంలో ఉంటే రెండు రాష్ట్రాల కార్యాలయాలనూ అడగాలి. పాము ముందు, కాగితం తర్వాత అన్న వాయిదా పెట్టుకోకండి. మధ్యలో ఏదైనా జరిగితే నమోదు మీ పేరు మీద, పాము ఇంకొకరింట్లో ఉంటుంది.

నమోదు చేయించకుండా గడువు దాటినవాళ్లు ఏం చేయాలి? పాత తేదీతో రసీదులు పుట్టించకండి. చెప్పకుండా స్నేహితుడికి ఇచ్చేయకండి, అతన్నీ అదే చిక్కులోకి లాగినట్టవుతుంది. భయపడి బయట అసలే వదలకండి. వన్యప్రాణి చట్టం తెలిసిన లాయరును కలిసి, ఆయన ద్వారా గానీ నేరుగా గానీ అదే కార్యాలయానికి విషయం రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ చట్టం కింద సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దాచిపెట్టిన కొద్దీ బయటపడే దారులు తగ్గిపోతాయి.

ఒళ్లంతా చూసి, జబ్బుంటే నయం చేసి ఇవ్వండి

జబ్బుతో ఉన్న పామును ఇస్తే అది కొత్త ఇంట్లోని పాములన్నిటికీ అంటుతుంది. ఇచ్చేముందు సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరైతే ముందే ఫోన్ చేసి, పాములకు వైద్యం చేస్తారా అని అడిగి వెళ్లండి. వెళ్లేముందు ఇంట్లోనే ఇవి చూసుకోవచ్చు.

బరువు: వంటింటి డిజిటల్ తూకం మీద డబ్బా పెట్టి, సున్నా చేసి, పామును అందులో వేసి తూచండి. వారానికోసారి చొప్పున కనీసం మూడు తూకాలు రాసి పెట్టండి. ఒక్క అంకె ఏమీ చెప్పదు, మూడు అంకెలు పాము తగ్గుతోందా నిలకడగా ఉందా చెబుతాయి.

మైట్లు: ఇవి ఆవగింజలో సగం కూడా ఉండని నల్లటి పురుగులు. కళ్ల చుట్టూ, గదవ కింది గాడిలో, పొలుసుల సందుల్లో దాక్కుంటాయి. పాము రోజంతా నీళ్ల గిన్నెలోనే మునిగి కూర్చుంటోందంటే మొదట వీటినే అనుమానించండి. తెల్లటి తడి టిష్యూతో తల నుంచి తోక దాకా మెల్లగా తుడిచి చూడండి, నల్లటి చుక్కలు అంటుకుంటాయి. ఉంటే పెట్టెలోని పరుపంతా తీసి పారేసి, తెల్ల కాగితాలు పరిచి, డాక్టరు రాసిన మందే వాడండి. కుక్కలకు పేల కోసం కొట్టే స్ప్రేలు పాముకు నరాల మీద దెబ్బకొడతాయి. మైట్ల గుడ్లు కొన్ని రోజుల తర్వాత పొదుగుతాయి కాబట్టి ఒక్క విడతతో పోయాయనుకోకండి. చివరి పురుగు కనిపించాక కనీసం నాలుగు వారాలు ఆగండి. ఈ పని మొత్తం ఆలస్యమయ్యేది చాలావరకు ఇక్కడే.

ఊపిరి: చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఈల లాంటి శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి పీల్చడం ఇవన్నీ శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ గుర్తులు. పైథాన్లలో నిడోవైరస్ కూడా ఇలాగే కనిపిస్తుంది. అది స్వాబ్ పరీక్షతోనే తేలుతుంది, మామూలు యాంటీబయాటిక్‌తో పోదు. బోవాలకైతే ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు గురించి డాక్టరును అడగండి. దానికి మందు లేదు, మిగతా పాములకు అంటుకుంటుంది. ఇలాంటిది తేలితే పామును వేరే పాములున్న ఇంటికి ఇవ్వకూడదు.

కుబుసం: కళ్ల మీద పాత పొర మిగిలిపోయిందేమో చూడండి. మిగిలితే గోరుతో గీకకండి, కన్ను పోతుంది. తడి నాచు వేసిన డబ్బాలో రాత్రంతా ఉంచితే చాలావరకు తర్వాతి కుబుసంతో ఊడిపోతుంది. ఊడకపోతే డాక్టరు చేతికి వదిలేయండి.

స్పైడర్ మార్ఫ్ (మార్ఫ్ అంటే రంగు, మచ్చల తీరును బట్టి పెట్టిన రకం పేరు) బాల్ పైథాన్లకు తల ఊగే నరాల లోపం పుట్టుకతోనే ఉంటుంది. మీది అదే అయితే ఆ సంగతి దాచకుండా చెప్పండి. తల ఊగుతూ ఎలుకను గురి తప్పే వీడియో ఒకటి తీసి పంపండి. చూసి ఒప్పుకున్నవాళ్లే తీసుకుంటారు.

పాము చరిత్ర రెండు పేజీల్లో రాయండి

ఇది అన్నిటికన్నా విలువైన కాగితం, కానీ రాసేవాళ్లు తక్కువ. జాతి, మార్ఫ్ పేరు, పుట్టిన సంవత్సరం తెలిస్తే అది, ఆడో మగో, అది ఎలా నిర్ధారించారు (డాక్టరు ప్రోబ్ చేసి, అంటే తోక మొదట్లో సన్నటి పుల్లతో లోతు చూసి చెప్పాడా, అమ్మినవాడు చెప్పిన మాటేనా), బరువు, సుమారు పొడవు రాయండి. తర్వాత గత పది భోజనాల తేదీలు. ఒక్కోదానికి ఎదురుగా ఎలుక ఎన్ని గ్రాములు, ఫ్రోజెన్‌దా అప్పుడే చంపినదా, తిన్నదా వదిలేసిందా. చివరిసారి కుబుసం ఎప్పుడు, మలం ఎప్పుడు, పెట్టె వేడి, తేమ ఎంత ఉంచుతున్నారు, రోజులో ఏ వేళ చురుగ్గా ఉంటుంది, ఏది చూస్తే బెదురుతుంది. నీళ్లు మార్చేటప్పుడు తల దగ్గర చేయి పెడితే బుస కొడుతుందా? అదీ రాయండి.

తిండి అలవాటు గురించి రెండు వాక్యాలు ఎక్కువే రాయండి. ఫ్రోజెన్ ఎలుకను ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచి, పొద్దున కవరులో పెట్టి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చేతికి వెచ్చగా తగిలేలా చేసి పెడతారా? తల వైపు నుంచి చూపిస్తారా? చీకట్లోనే తింటుందా? ఈ చిన్న సంగతులు తెలియకపోతే కొత్త యజమాని మూడు నెలలు ఎలుకలు పారేస్తూ కూర్చుంటాడు. బతికున్న ఎలుకకే అలవాటైన పామైతే ఇచ్చేలోపే ఫ్రోజెన్‌కు మార్చే ప్రయత్నం చేయండి. బతికున్న ఎలుక పామును తిరిగి కరుస్తుంది, గాయాలు చీము పడతాయి. పైగా ఫ్రోజెన్ తినే పామును తీసుకోవడానికి ఎక్కువమంది ముందుకొస్తారు.

ఎవరికి ఇవ్వాలి

ఇప్పటికే అదే జాతిని పెంచుతున్న, నమోదు చేయించుకున్న మనిషి అందరికన్నా మేలు. పాము కొన్నచోట మొదలుపెట్టండి. బాధ్యత గల బ్రీడరు తన దగ్గర పుట్టిన పామును వెనక్కి తీసుకోవడమో, ఎవరికి కావాలో చెప్పడమో చేస్తాడు. మీ డాక్టరును అడగండి. పాములు పెంచేవాళ్లు ఎవరో ఆయనకు తెలుస్తుంది.

సోషల్ మీడియాలో ‘ఉచితంగా ఇస్తాం’ అని పెట్టకండి. మొదట వచ్చే సందేశాలు రీల్స్ చేసుకునేవాళ్లవి, పుట్టినరోజు పార్టీలో పాము చూపించాలనుకునేవాళ్లవి, వెంటనే తిరిగి అమ్మేసేవాళ్లవి అవుతాయి. పాము ఫొటో, ఇంటి చిరునామా ఒకేచోట పెడితే ఇంకో రకం ఇబ్బందులూ వస్తాయి.

మనిషి దొరికాక ఇంటర్వ్యూ చేస్తున్నట్టు కాకుండా మామూలుగా మాట్లాడుతూనే ఇవి కనుక్కోండి: ఇంతకుముందు ఏ పాము పెంచారు, అది ఇప్పుడు ఎక్కడుంది, ఎలుకలు ఎక్కడ తెస్తారు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఇంట్లో మిగతావాళ్లకు ఇష్టమేనా, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు. ‘పాత పాము చచ్చిపోయింది’ అంటే ఎలా అని అడగండి. కారణం చెప్పగలిగినవాళ్లు జాగ్రత్తగా చూసుకున్నవాళ్లే. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వకపోవడమే మంచిది. సరీసృపాల మలంలో సాల్మొనెల్లా ఉంటుంది, పసివాళ్లకు ఆ విరేచనాలు ప్రాణం మీదికి తెస్తాయి.

పెట్టె సిద్ధమయ్యాకే పామును పంపుతానని చెప్పండి. పెద్ద బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె, గట్టి తాళం, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలిపిన హీట్ మ్యాట్ (వేడినిచ్చే పరుపు), రెండు దాగుడు చోట్లు, నీళ్ల గిన్నె ఉండాలి. పెట్టె ఖాళీగానే మూడు రోజులు నడిపించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి థర్మామీటరు ఫొటోలు పంపమనండి. థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ పెడితే పాము పొట్ట కాలిపోతుంది. కాలుతున్నా అది అక్కణ్నుంచి కదలదు. మ్యాట్ రావాలి, వచ్చే వారం తెస్తాం అంటే పాము కూడా వచ్చే వారమే వస్తుందని చెప్పండి. మీ పెట్టె, థర్మోస్టాట్ ఇవ్వగలిగితే పాముతోనే ఇచ్చేయండి. దానికి అలవాటైన దాగుడు చోటు, కాస్త పాత పరుపు వెంట వెళ్తే తొందరగా కుదురుకుంటుంది.

ప్రయాణం

చివరి భోజనానికీ ప్రయాణానికీ మధ్య కనీసం ఏడు రోజులు, పెద్ద ఎలుక పెడితే పది రోజులు ఉండాలి. కడుపులో ఎలుకతో కుదుపులు తింటే కక్కేస్తుంది. కక్కితే గొంతు లోపల యాసిడ్‌కు పుండవుతుంది. తర్వాత రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఉంచి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సగం సైజు ఎలుకే పెట్టాలి. కుబుసానికి సిద్ధంగా కళ్లు మసకబారి ఉంటే అది అయ్యేదాకా తేదీ వాయిదా వేయండి.

దిండు గలీబు లాంటి మందపాటి నూలు సంచి తీసుకోండి. కుట్టు లోపలివైపు ఉంటే ఊడిన దారాలు పొలుసులకు చుట్టుకుంటాయి, అందుకని తిరగేసి కుట్టు బయటికి వచ్చేలా వాడండి. పామును అడుగుకు దించి, పై భాగం మెలితిప్పి ముడివేయండి. ముడి వేసేముందు తోక పైకి రాలేదని చేత్తో తడిమి చూసుకోండి. ఈ సంచిని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. డబ్బాకు రెండు వైపులా ఎనిమిదేసి రంధ్రాలు ముందే చేసి ఉంచుకోండి, పాము లోపలుండగా చేయకండి. రంధ్రాల అంచులు గరుగ్గా ఉంటే ఇసుక కాగితంతో రుద్దండి. ఖాళీ స్థలంలో నలిపిన వార్తాపత్రికలు కూరితే సంచి దొర్లదు. నీళ్ల గిన్నె పెట్టకండి, ఒలికి సంచి తడుస్తుంది. డబ్బా మీద ‘జీవమున్న పాము, విషం లేనిది, తెరవద్దు’ అని, మీ ఫోన్ నంబరు, రాయండి. కాగితాల ప్రతి ఒకటి డబ్బాతోనే ఉంచండి.

కారులో ఏసీ 25 డిగ్రీల దగ్గర పెట్టి, డబ్బాను సీటు కింద కాళ్ల దగ్గర నీడలో పెట్టండి. డిక్కీలో వద్దు. ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలో గానీ తెలంగాణలో గానీ పగటి పూట బయలుదేరకండి, తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరి ఎండ పడేలోపు చేరండి. టీ తాగడానికి ఆగినప్పుడు ఆపేసిన కారులో పామును పది నిమిషాలు కూడా వదలకండి, ఒకరు లోపలే ఉండాలి. కొరియర్‌లో, బస్సు పార్సిల్‌లో వేయకండి. డబ్బా ఏ గోడౌన్‌లో ఎన్ని గంటలు ఉంటుందో మీ చేతిలో ఉండదు.

అప్పగించే రోజు, ఆ తర్వాత

పామును మీరే కొత్త పెట్టెలో దించండి. మీరు ఎలా ఎత్తుకుంటారో, తల వైపు కాకుండా నడుము కింద చేయి ఎలా వేస్తారో ఒకసారి చూపించండి, అంతే. మెడలో వేసుకుని ఫొటోలు తీసుకునే రోజు కాదిది. ఆ రోజు తిండి పెట్టకూడదు. ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం రెండు ప్రతులు ఉండాలి: పాము వివరాలు, నమోదు సంఖ్య, బరువు, తేదీ, ఇక ఉంచుకోలేకపోతే ముందు మీకు చెప్తామన్న ఒక వాక్యం. వైద్యం చేయించిన చీటీలు కూడా ఇవ్వండి.

కొత్త ఇంట్లో మొదటి వారం నీళ్లు మార్చడం తప్ప ముట్టుకోకూడదు. ఏడెనిమిది రోజుల తర్వాత మామూలుకన్నా చిన్న ఎలుకతో మొదలుపెట్టమనండి. తినకపోతే 24 గంటల్లో తీసేసి మళ్లీ ఏడు రోజులకు ప్రయత్నించాలి. రోజూ పెట్టి చూస్తే పాము బెదిరి ఇంకా మొండికేస్తుంది. బాల్ పైథాన్ ఇల్లు మారితే నాలుగైదు వారాలు తినకపోవడం సహజం. బరువు పదో వంతు కన్నా తగ్గినా, ఊపిరిలో శబ్దం వచ్చినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాళ్లింట్లో ఇంకే పాము ఉన్నా దీన్ని 90 రోజులు వేరే గదిలో, వేరే చిమటాలు, వేరే గిన్నెలతో ఉంచాలి. రోజూ పాత పాములను చూసుకున్నాకే దీని దగ్గరికి రావాలి.

వారానికి, నెలకు, మూడు నెలలకు ఒక్కో ఫోన్ చేయండి. రోజూ సందేశాలు పెట్టి విసిగించకండి. అవతలివాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తే మీకే ఏమీ తెలియకుండా పోతుంది.

ఎవరూ దొరక్కపోతే

మొదట జూ గుర్తొస్తుంది. హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖలోని ఇందిరాగాంధీ జూ, తిరుపతి వెంకటేశ్వర జూ ఏదైనా సరే, ఇంట్లో పెంచుకున్న జీవిని గేటు దగ్గర ఇస్తే తీసుకోలేదు. గుర్తింపు పొందిన జూలు తమలో తామే జంతువులను ఇచ్చిపుచ్చుకోవాలని చట్టమే చెబుతోంది. అటవీశాఖ ద్వారా వెళ్లాలి. డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన ప్రతి తీసుకోండి. సమాధానం వచ్చేదాకా పాము మీ బాధ్యతే. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థలు ఇళ్లలోకి వచ్చిన అడవి పాములను పట్టి వదలడానికి ఉన్నాయి. పెంపుడు పైథాన్‌ను వాళ్ల ఇంటిముందు దించి వెళ్లకండి. సలహా కోసం మాత్రం అడగొచ్చు.

పాము మరీ జబ్బుతో ఉండి కోలుకోదని తేలితే డాక్టరు ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా పంపించడమే దయ. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి చంపడం క్రూరత్వం. ఒంట్లో మంచు పలుకులు కట్టే బాధ దానికి తెలుస్తుంది. నమోదైన పాము చనిపోతే పోర్టల్‌లో తెలియజేయాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు

అమెరికాలో నియమాలు రాష్ట్రానికొకటి. ఫ్లోరిడాలో ఎక్జాటిక్ పెట్ అమ్నెస్టీ ప్రోగ్రామ్ కింద పామును రుసుము లేకుండా, శిక్ష భయం లేకుండా అప్పగించవచ్చు. తీసుకునేవాళ్లను వాళ్లే ముందుగా పరిశీలించి ఉంచుతారు. హవాయిలో పాము ఉంచుకోవడమే నేరం, మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. అయితే స్వయంగా తెచ్చి ఇచ్చేవాళ్లకు అక్కడా క్షమాభిక్ష ఉంది. ఇంకెక్కడైనా కార్న్ స్నేక్ తేలిగ్గా దొరుకుతుంది గానీ జార్జియాలో అది స్థానిక పాము కాబట్టి పెంచడం కుదరదు. అందుకని రాష్ట్రం దాటించే ముందు తీసుకునేవాళ్ల రాష్ట్రం నియమం చూడండి. అమెరికా పోస్టులో పాములు పంపకూడదు. ఆస్ట్రేలియాలో విదేశీ పాము ఏదైనా చట్టవిరుద్ధమే, స్థానిక పాముకు లైసెన్సు కావాలి. సింగపూర్‌లో పాములు పెంచుకోవడానికే వీల్లేదు. భారత్‌కు తిరిగొస్తూ పామును వెంట తేవచ్చనుకుని టికెట్ కొనకండి. దిగుమతికి అనుమతులు ముందే వచ్చి ఉండాలి, రాకపోతే పాము విమానాశ్రయంలోనే ఆగిపోతుంది.

పాము వెళ్లిపోయాక పెట్టె మీ దగ్గరే మిగిలితే పరుపు పారేసి, ఒక పాలు బ్లీచ్‌కు పది పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు నాననిచ్చి కడగండి. చెక్క సామాను ఉంటే పారేయండి, అందులో మైట్ల గుడ్లు నిలుస్తాయి. మిగిలిన ఫ్రోజెన్ ఎలుకలను కరిగిపోకుండా ఐస్ డబ్బాలో పెట్టి కొత్త యజమానికే ఇవ్వండి. మొదటి భోజనం పాముకు తెలిసిన వాసనదే అవుతుంది.